దొంగ పోయినా తాళం ఉండిపోతుంది

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే పెళ్లి ఆల్బమ్ ఫోటోల్లో ఒక్కటీ తెరుచుకోదు. ఫైళ్ల పేర్లు అలాగే ఉంటాయి గానీ, ప్రతి పేరు చివరా ఎన్నడూ చూడని నాలుగక్షరాల తోక వచ్చి చేరి ఉంటుంది. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అని ఓ చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు. మీ ఫైళ్లకు తాళం వేశాం, విప్పాలంటే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోగా వస్తే సగం ధరకే, 490కే ఇస్తాం అని అందులో రాసి ఉంటుంది. అది ఉయ్యూరులో ఒక ఫోటో స్టూడియో కావచ్చు, ఎరువుల కొట్టులో ట్యాలీ లెక్కలు కావచ్చు, బడిలో మార్కుల జాబితాలు కావచ్చు. అప్పుడు ముందుగా వినిపించే సలహా దాదాపు ఒక్కటే: వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించేద్దాం. ఈ వ్యాసం ఆ సలహాకు అడ్డు చెప్పడానికే. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌ను తీసేయడం ఒక పని, ఫైళ్లను వెనక్కి తెచ్చుకోవడం ఇంకో పని. మొదటిది తేలిక, గంటలో అయిపోతుంది. దాన్ని ముందు చేసేస్తే మాత్రం రెండోదానికి మిగిలి ఉన్న కాస్త దారి కూడా చాలాసార్లు మూసుకుపోతుంది.

ఇంట్లో దూరి బీరువాకు తన తాళం వేసి పోయిన దొంగను ఊహించుకోండి. అతన్ని వీధి చివరిదాకా తరిమినా బీరువా తెరుచుకోదు. తాళంచెవి అతని జేబులోనే పోయింది. మొదటి తరం దొంగలకు ఈ నేర్పు లేదు. 1989లో జోసెఫ్ పాప్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎయిడ్స్ సమాచారం పేరుతో దాదాపు 20 వేల ఫ్లాపీలను పోస్టులో పంపాడు. అవి కంప్యూటర్లలో ఫైళ్ల పేర్లను గజిబిజి చేసి, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపమన్నాయి. వేసిన చెవితోనే తీసేసే పద్ధతి కావడంతో నిపుణులు ఆ ప్రోగ్రామును విప్పి చూసి విరుగుడు తయారు చేయగలిగారు. 1996లో ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ అనే ఇద్దరు పరిశోధకులు అసలు ప్రమాదం ఎక్కడుందో ముందే చెప్పారు. తాళం వేయడానికి ఒక చెవి, తీయడానికి వేరే చెవి ఉండే గణిత పద్ధతి నేరగాళ్ల చేతికి చిక్కితే బాధితుడి కంప్యూటర్‌లో ఎంత వెతికినా విరుగుడు దొరకదన్నారు. ఇప్పుడు జరుగుతున్నది అదే. ఫైళ్లకు వేసిన తాళపుచెవిని మరో చెవితో బిగించేస్తారు. దాన్ని విప్పేది నేరగాడి సర్వర్ దాటి బయటికి రాదు. యాంటీవైరస్ ఆ ప్రోగ్రామును పట్టి చంపగలదు. లేని చెవిని అది ఎక్కడి నుంచి తెస్తుంది?

తొందరపాటు వల్ల ఏం పోతుందో అర్థం కావాలంటే 2017 మే 12న మొదలైన వన్నాక్రై దాడిని చూడాలి. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు అది తగిలిందని అప్పట్లో వార్తలొచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోనూ కొన్ని కంప్యూటర్లు చిక్కుకున్నాయి. దాడికి రెండు నెలల ముందే, మార్చిలో, వన్నాక్రై వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. దాన్ని వేసుకోనివాళ్లే దొరికిపోయారు. దాడి జరిగిన వారంలోనే ఫ్రాన్స్‌కు చెందిన ఆడ్రియన్ గినే, బెంజమన్ డెల్పీ ఒక సంగతి కనిపెట్టారు. తాళంచెవిని తయారు చేయడానికి వాడిన ప్రధాన సంఖ్యలు కొన్ని పాత విండోస్ కంప్యూటర్ల మెమరీలో ఇంకా మిగిలే ఉంటున్నాయి. వాటిని ఏరి చెవిని మళ్లీ తయారు చేసే ‘వనకివి’ అనే సాధనాన్ని డెల్పీ ఉచితంగా ఇచ్చాడు. ముఖ్యమైన షరతు: ఆ కంప్యూటర్‌ను అప్పటిదాకా ఆపి ఉండకూడదు, రీస్టార్ట్ చేసి ఉండకూడదు. మరికొద్ది రోజులకు యాంటీవైరస్ సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు ఇంకో లోపం పట్టుకున్నారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వంటి ముఖ్యమైన చోట్ల ఉన్న అసలు ఫైళ్లను మాత్రమే వన్నాక్రై పూర్తిగా చెరిపేసింది. మిగతా ఫోల్డర్లలోవి మామూలుగా డిలీట్ చేసి వదిలేసింది. కాబట్టి వాటిని సాధారణ రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనే బయటికి లాగవచ్చు. భయంతో వెంటనే ఫార్మాట్ కొట్టించినవాళ్లకు ఈ రెండు దారుల్లో ఏదీ మిగల్లేదు. డిలీట్ అయిన ఫైళ్లు డిస్కులో ఏ జాగాలో ఉన్నాయో చాలాసార్లు ఆ జాగా మీదే కొత్త విండోస్ వచ్చి కూర్చుంటుంది మరి.

అలాగని వైరస్‌ను మిషన్‌లోనే ఉంచుకుని కూర్చోవాలా, అది మిగిలిన ఫైళ్లనూ తినేయదా అని అడగడం న్యాయమే. దానికి జవాబు తుడవడం కాదు, విడదీయడం. నెట్ వైరు పీకేయాలి, వైఫై ఆపేయాలి, తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కులు, పెన్ డ్రైవ్‌లు తీసేయాలి. 2020 అక్టోబరు 22న హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ మీద దాడి జరిగినప్పుడు ఆ సంస్థ ముందుగా చేసింది కూడా ఇదే: డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసింది. కళ్లముందే ఫైళ్ల తోకలు ఒకటొకటిగా మారిపోతుంటే మాత్రం మెమరీ సంగతి పక్కనపెట్టి కరెంటు తీసేయడమే మేలని నా అభిప్రాయం. దొరుకుతుందో లేదో తెలియని చెవి కంటే ఇంకా చెక్కుచెదరని ఫోటోలు విలువైనవి. ఆ తర్వాత మొత్తం డిస్కుకు ఇంకో డిస్కు మీద నకలు తీయించాలి. తాళం పడిన ఫైళ్లు, బెదిరింపు నోటు రెండూ అందులో ఉండాలి. శుభ్రం చేయడం అప్పుడు. అది తప్పించుకోలేని పనే. రాన్సమ్‌వేర్ ముఠాల్లో కొన్ని తాళం వేసేదానితో పాటు పాస్‌వర్డులు దొంగిలించే ఇంకో ప్రోగ్రామునూ దించి పోతాయి. అందుకే బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చుకోవాలి. పాత విండోస్‌ను నమ్మకుండా కొత్తగా ఎక్కించుకోవాలి. ఫార్మాట్ వద్దని కాదు, దాని వంతు చివర రావాలని.

మా చిన్న ఊరి మీద ఎవడికి కన్ను అన్న ధీమా ఒకటి ఉంది. ఎవడూ ఊరిని ఎంచుకోడు, వల వేస్తాడంతే. మొదట్లో చెప్పిన 980 డాలర్ల నోటు ‘స్టాప్’ లేదా ‘డీజేవీయూ’ అని పిలిచే రాన్సమ్‌వేర్ కుటుంబానిది. మామూలు ఇళ్లనూ, చిన్న దుకాణాలనూ ఎక్కువగా పట్టింది అదే. అది వచ్చే దారి ముఖ్యంగా క్రాక్ సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టకుండా ఫోటోషాప్ నడవాలని, విండోస్ యాక్టివేట్ కావాలని దించుకునే చిన్న ప్రోగ్రాముల్లో అది దాక్కుని ఉంటుంది. ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని చెబుతారు కూడా. మనమే కాపలావాడిని పంపించేసి తలుపు తీస్తాం. ఈ కుటుంబం విషయంలో కొంత ఆశ లేకపోలేదు. ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో దీనికి ఉచిత విరుగుడు విడుదల చేసింది. అప్పటికి తెలిసిన 160 రకాల్లో 148 రకాలకు అది పనికొచ్చింది. తర్వాత వచ్చిన రకాలు గట్టివి. వాటిలోనూ తాళం వేసే వేళకు నేరగాడి సర్వర్‌తో కనెక్షన్ కుదరకపోతే, ప్రోగ్రాము తనలోనే దాచుకున్న ఒక ఉమ్మడి చెవిని వాడుతుంది. నోటులో ఇచ్చిన వ్యక్తిగత ఐడీ ‘టీ1’తో ముగిస్తే అది ఉమ్మడి చెవే అనుకోవచ్చు. అలాంటి చెవి ఏనాటికైనా పరిశోధకుల చేతికి వస్తే, అదే చెవి పడిన వాళ్లందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. ఇంకో సంగతి ఫోటోగ్రాఫర్లకు పనికొస్తుంది. వేగం కోసం ఇది ఒక్కో ఫైలులో మొదటి 150 కిలోబైట్లకు మాత్రమే తాళం వేస్తుంది. చిన్న వర్డ్ ఫైలు మొత్తం పోతుంది గానీ, గంట నిడివి పెళ్లి వీడియోలో పాడైంది తల భాగమే. అదే కెమెరాతో తీసిన ఇంకో మంచి వీడియోను నమూనాగా చూపి అలాంటి వాటిని బాగుచేసే సాధనాలున్నాయి. ఏ కుటుంబమో తేల్చుకోవడానికి మైకేల్ గిలెస్పీ నడిపే ‘ఐడీ రాన్సమ్‌వేర్’, విరుగుడు ఉందేమో చూడటానికి 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ సంస్థలు కలిసి పెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ ఉన్నాయి. రెండూ ఉచితమే. వీటి బయట యూట్యూబ్ లింకుల్లో దొరికే విరుగుళ్ల జోలికి పోకపోవడం మంచిది. 2020లో డీజేవీయూ విరుగుడు పేరుతో వచ్చిన ఒక ప్రోగ్రాము, తాళం పడిన ఫైళ్లకే రెండో తాళం వేసింది.

ఇంత ప్రయాస ఎందుకు, డబ్బు కట్టేస్తే పోలేదా అనేవారూ ఉన్నారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కట్టినవాళ్లలో కొందరికి చెవి దొరికిన మాట నిజం. దొరక్కపోతే ఈ వ్యాపారం ఇన్నేళ్లు సాగేది కాదు. కానీ ఆ దొరికినదాని విలువ ఎంతో చూడాలి. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ 75 బిట్‌కాయిన్లు, అంటే దాదాపు 44 లక్షల డాలర్లు చెల్లించింది. వచ్చిన విరుగుడు ఎంత నత్తనడక నడిచిందంటే చివరికి సొంత బ్యాకప్‌ల మీదే ఆధారపడాల్సి వచ్చింది. 2024లో అమెరికా ఆరోగ్య సేవల సంస్థ చేంజ్ హెల్త్‌కేర్ 2 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చుకుంది. ముఠా నాయకులు ఆ సొమ్ముతో మాయమయ్యారు, కాజేసిన సమాచారం ఇంకో ముఠా చేతిలో తేలి మళ్లీ బేరం మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిటన్ పోలీసుల నాయకత్వంలో లాక్‌బిట్ ముఠా సర్వర్లను పట్టుకున్నప్పుడు, డబ్బు కట్టినవాళ్ల సమాచారం కూడా చెరపకుండా అక్కడే దొరికింది. గ్యారంటీగా రికవరీ చేసిపెడతామనే దుకాణాల సంగతీ ఇక్కడే చెప్పాలి. సొంత సాంకేతికతతో విప్పుతామని చెప్పుకున్న కొన్ని అమెరికన్ సంస్థలు లోపాయికారీగా నేరగాళ్లకే డబ్బు కట్టి, దానిపై తమ రుసుము వేసుకుని వసూలు చేశాయని 2019లో ప్రోపబ్లికా పత్రిక బయటపెట్టింది. విప్పగలమనేవాళ్లను ఏ కుటుంబం, ఏ పద్ధతి అని అడగండి. ఆ రెంటికీ సూటిగా జవాబు రాకపోతే డిస్కు వాళ్ల చేతికివ్వకండి.

ఎన్ని చెప్పినా, నమ్మకంగా వెనక్కి వచ్చేవి వేరేచోట నకలు ఉన్న ఫైళ్లే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం కిందికి పోయాయి. రెండు వారాల పాటు ఓపీ చీటీలు చేత్తో రాశారు. చివరికి ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగి వచ్చింది దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచే. అయితే చాలామంది బ్యాకప్ అనుకునేది బ్యాకప్ కాదు. ఎప్పుడూ తగిలించే ఉంచే ఎక్స్‌టర్నల్ డిస్కు కంప్యూటర్‌తో పాటే తాళం పడిపోతుంది. విండోస్ తనంతట తాను దాచే పాత నకళ్లను ఈ ప్రోగ్రాములు ముందే చెరిపేస్తాయి. క్లౌడ్‌లో సింక్ అయ్యే ఫోల్డర్‌లోకి తాళం పడిన ఫైలు కూడా బుద్ధిగా సింక్ అవుతుంది. పాత వెర్షన్లను కొన్నాళ్లు ఉంచే సదుపాయం ఉంటేనే, అదీ గడువులోగా గమనిస్తేనే పనికొస్తుంది. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంకో చోట అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది కంప్యూటర్ కంపెనీ కాదు, పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫర్. మన స్టూడియోల వాళ్లకు ఆ కష్టం ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒకసారి అయిపోయిన పెళ్లిని మళ్లీ తీయలేం కదా. ఖర్చు మాటకొస్తే, వారానికోసారి తగిలించి, నకలు తీసి, పీకి బీరువాలో పెట్టే ఒక్క హార్డ్ డిస్కు ధర చాలు. చిక్కంతా ఆ పీకడంలోనే ఉంది. తగిలించి వదిలేయడం చాలా సుఖం.

ఇక మిగిలింది ఫిర్యాదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో రాసినా ఫైళ్లు తెచ్చివ్వరు కదా అనే నిరుత్సాహం అర్థమయ్యేదే. ఆ రోజుకి తెచ్చివ్వలేరు, నిజమే. సంస్థలకైతే 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయడం విధి. చిన్న దుకాణదారుకు ఫిర్యాదు వల్ల కలిగే లాభం ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. వచ్చిన సందర్భాలు మాత్రం కల్పన కాదు. హైవ్ అనే ముఠా సర్వర్లలోకి అమెరికా ఎఫ్‌బీఐ రహస్యంగా దూరి, 2023 జనవరిలో వాటిని మూయించేలోపు 1,300కు పైగా చెవులను బాధితులకు అందించింది. ముఠాలే చెవులిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో టెస్లాక్రిప్ట్ ముఠా దుకాణం కట్టేస్తూ మూలపు చెవిని తానే బయటపెట్టింది. 2020 ఏప్రిల్‌లో షేడ్ ముఠా ఏకంగా ఏడున్నర లక్షల చెవులను విడుదల చేసింది. షేడ్ 2014 నుంచీ తిరుగుతున్నదే. మొదటి రోజుల్లో దాని బారిన పడి, తాళం పడిన డిస్కును అటక మీద పడేసినవాళ్లు ఆరేళ్ల తర్వాత దుమ్ము దులిపి ఫైళ్లు తెరుచుకోగలిగే అవకాశం వచ్చింది. ఫార్మాట్ కొట్టించినవాళ్లకు ఆ ఏడున్నర లక్షల చెవులూ దేనికీ పనికిరాలేదు.