పురి పెట్టిన రాగితీగలు

నారకు పురి పెట్టినచో త్రాటికి బలము వచ్చునని అందరికిని తెలియును. రెండు రాగితీగలకు పురి పెట్టినచో అవి మోసికొనిపోవు సంకేతమునకు రక్షణ కలుగునని తెలిసినవారు తక్కువ. పాఠశాలలోని కంప్యూటర్లను కలుపు కేబిల్ ముక్కను ఒకదానిని తీసికొని పైతొడుగును ఒలిచి చూచినచో, లోపల ఎనిమిది సన్నని తీగలు రెండేసి చొప్పున నాలుగు జంటలుగా పెనవేసికొని కనబడును. ఈ పెనవేత దేనికి?

ఒకే భవనములోని కంప్యూటర్లను కలుపు ఏర్పాటునకు స్థానిక నెట్‌వర్క్ అని పేరు. అట్టి వానిలో ప్రసిద్ధమైన ఈథర్‌నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున పుట్టినది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు దానిని రూపొందించిరి. వారు వాడినది కోయాక్సియల్ కేబిల్. దీని నడుమ ఒక రాగితీగ, దాని చుట్టు విద్యుద్బంధకము, దానిపై లోహపు తొడుగు, అన్నిటికిని పైన ప్లాస్టిక్ పొర ఉండును. ఇండ్లకు వచ్చు కేబిల్ టెలివిజన్ తీగయు ఈ జాతిదే. బయటి విద్యుత్ అలజడిని లోహపు తొడుగు చాలవరకు అడ్డగించును.

1983 నాటి ఈథర్‌నెట్ ప్రమాణములో ఈ కేబిల్ సుమారు 10 మిల్లీమీటర్ల లావుండెడిది. ఒక్కొక్క ఖండము 500 మీటర్ల వరకు సాగవచ్చును; వేగము సెకనుకు ఒక కోటి బిట్లు. ఇంత లావు కేబిల్‌ను గోడల మూలల వెంట వంచుట కష్టము. అందుచేత 5 మిల్లీమీటర్ల సన్నని రకము వచ్చినది. దాని ఖండము 185 మీటర్లకు మించరాదు. ఈ రెండింటికిని ఒక లోపము కలదు. కంప్యూటర్లన్నియు ఒకే తీగను ఆశ్రయించియుండును. అది ఎక్కడ తెగినను ఆ ఖండములోని కంప్యూటర్లన్నిటి పనియు నిలిచిపోవును.

ఈ లోపమును తీర్చినది పురి పెట్టిన జంట. ఇది కొత్తది కాదు. టెలిఫోను తీగలలో ఒకదాని మాటలు వేరొకదానిలో వినబడకుండుటకై 1881లోనే అలెగ్జాండర్ గ్రాహంబెల్ దీనికి పేటెంటు పొందెను. 1990లో ఇది ఈథర్‌నెట్ ప్రమాణములలో చేరినది. ఇందు ప్రతి కంప్యూటరునకు వేరొక కేబిల్ కేంద్రపు పెట్టె నుండి వచ్చును. ఒకటి తెగినచో ఆ ఒక్క కంప్యూటరు పని మాత్రమే ఆగును.

లోహపు తొడుగు లేకయే ఈ జంట అలజడిని ఎట్లు తప్పించుకొనును? జంటలోని ఒక తీగపై +1 వోల్టు, రెండవదానిపై −1 వోల్టు పంపితిమనుకొనుడు. అందుకొను యంత్రము ఈ రెండింటి భేదమును మాత్రమే గమనించును. అది 2 వోల్టులు. ప్రక్కనున్న విద్యుత్ తీగ వలన రెండింటిలోను 0.3 వోల్టు చొప్పున ప్రేరితమైనచో అవి +1.3, −0.7 అగును. భేదము మరల 2 వోల్టులే! కాని తీగలు తిన్నగా ప్రక్కప్రక్కన ఉన్నచో, అలజడికి దగ్గరి తీగ ఎక్కువగాను, దూరపు తీగ తక్కువగాను లోనగును. అప్పుడు భేదము మారును. పురి పెట్టినచో ప్రతి తీగయు ఒకసారి దగ్గరకు, ఒకసారి దూరమునకు పోవుచుండును. కేబిల్ చివరకు రెండింటి పాళ్లు ఇంచుమించు సమానమగును.

నాలుగు జంటలకును పురి ఒకే తీరున ఉండదు. అట్లున్నచో ఇరుగుపొరుగు జంటల మెలికలు ఒకదానికొకటి జతపడి సంకేతములు కలిసిపోవును.

కేబిల్‌పై అచ్చువేసిన తరగతి సంఖ్య దాని శక్తిని తెలుపును. 100 మీటర్ల దూరమున 5ఇ తరగతి కేబిల్ సెకనుకు 100 కోట్ల బిట్లను మోయును. 6వ తరగతికి చెందినది సుమారు 55 మీటర్ల వరకు 1,000 కోట్ల బిట్లను మోయగలదు. 6ఎ తరగతి అదే వేగమున 100 మీటర్లు పోవును. అలజడి మిక్కుటముగా ఉండు కర్మాగారములలో జంటలపై లోహపు తొడుగు కూడ వేయుదురు.

ఈ సూత్రము తెలియనిచో కలుగు చిక్కు ఒకటి కలదు. కేబిల్ కొనకు బిగించు ప్లగ్గులో ఎనిమిది స్థానములుండును. 1, 2 ఒక జంట. 3, 6 ఒక జంట. 4, 5 ఒక జంట. 7, 8 ఒక జంట. ఇది తెలియని విద్యార్థి నాలుగు జంటలను వరుసగా 1–2, 3–4, 5–6, 7–8గా రెండు కొనలను బిగించుననుకొనుడు. పరీక్షాయంత్రపు దీపములు ఎనిమిదియు క్రమముగా వెలుగును. తీగ ఎక్కడను తెగలేదు. అయినను వేగము పెంచినప్పుడు నెట్‌వర్క్ తడబడును. ఏలయన, 3, 6 స్థానములలోని తీగలు వేర్వేరు మెలికలకు చెందినవి. పురి ఇచ్చిన రక్షణ అక్కడ పోయినది. దీపము తీగను మాత్రమే పరీక్షించినది, జంటను కాదు.

కావున రంగుల క్రమమును పాటింపవలెను. కొనవద్ద మెలికను అవసరమునకు మించి, అనగా సుమారు 13 మిల్లీమీటర్లకంటె ఎక్కువగా, విప్పరాదు. విద్యుత్ తీగలను ఆనుకొని కేబిల్‌ను పరువరాదు. పనికిరాని కేబిల్ ముక్క దొరకినచో విద్యార్థులు ఒక్కొక్క జంటలో 10 సెంటీమీటర్లకు ఎన్ని మెలికలున్నవో లెక్కించి చూడవచ్చును. నాలుగు లెక్కలును వేరుగా వచ్చుటకు కారణము వారే చెప్పగలరు.