చూరు నీటికి సరియైన దోనె

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో ఏడాది వాన తక్కువే గాని, కురిసినప్పుడు మాత్రం కుండపోతగా కురుస్తుంది. 2021 నవంబరు వానలకు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన సంగతి మనమెవరమూ మరువలేదు. ఏటి కట్టల సంగతి ప్రభుత్వం చూడాలి. మన ఇంటి చూరు సంగతి మనమే చూసుకోవాలి.

చూరు నుండి ధారగా పడే నీరు గోడ అడుగున గుంత చేస్తుంది. రెండు మూడు రోజులు ముసురు పడితే మట్టిగోడ నాని, అడుగు మెత్తబడి, ఒరిగిపోయే ప్రమాదమున్నది. ఆ గోడ ప్రక్కనే మన పిల్లలు పండుకొంటారు. కొన్నిచోట్ల ఆ నీరే పొరుగువారి గోడను తడిపి తగవులు తెస్తుంది. చూరు క్రింద దోనె బిగిస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి. దీనినే మేస్త్రీలు గట్టర్ అంటారు. అయితే ఎంత దోనె కావాలి?

లెక్క ఇలా చూడండి

అంగళ్లులోని ఒక రేకుల ఇల్లు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకొందాము. కప్పు రెండు వైపులకు వాలుతుంది. ఒక్కొక్క వైపు 300 చదరపు అడుగులు, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. రేకు వాలు పొడవును కాక, కప్పు క్రింద ఉన్న నేలనే కొలవాలి.

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున జోరువాన కురిస్తే, ఒక్క వైపు నుండే నిమిషానికి 47 లీటర్లు దిగుతాయి. అంటే మూడు బిందెలు! ఏడాది వానను బట్టి కాక, ఈ జోరును బట్టే దోనె సైజు నిర్ణయించాలి.

సులువైన సూత్రమొకటి ఉన్నది. కప్పు ఎన్ని చదరపు మీటర్లో, దోనె నోరు కనీసం అన్ని చదరపు సెంటీమీటర్లు ఉండాలి. 4 అంగుళాల పీ.వీ.సీ. గొట్టాన్ని నిలువుగా రెండుగా కోస్తే ఒక్కొక్క సగానికి సుమారు 40, 5 అంగుళాలదానికి 63, 6 అంగుళాలదానికి 90 వస్తాయి. కాబట్టి పై ఇంటికి 4 అంగుళాలు చాలు. కప్పు బాగా ఏటవాలుగా ఉంటే నీరు దోనెను దాటి ఎగురుతుంది గనుక 5 అంగుళాలు మేలు. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న మందిరానికైతే ఒక్కొక్క వైపు 84 చదరపు మీటర్లు వస్తుంది. దానికి 6 అంగుళాలు, రెండు దిగువ గొట్టాలు పెట్టండి.

పెద్దది మంచిదే కదా అని అందరూ 6 అంగుళాలే వేయనక్కరలేదు. నిండినప్పుడు 4 అంగుళాల దోనె మీటరుకు 4 కిలోలు, 6 అంగుళాలది 9 కిలోలు తూగుతుంది. ఖర్చూ ఎక్కువే. చిన్నదానికి 3 అడుగులకొక కొక్కెము, పెద్దదానికి 2 అడుగులకొకటి కావాలి.

బిగించునప్పుడు

ప్రతి 10 అడుగులకు ఒక అంగుళం వాలు ఇవ్వండి. రేకు అంచు దోనె లోపలికి అంగుళమైనా రావాలి. దిగువ గొట్టాన్ని మధ్యలో పెట్టి, రెండు కొసల నుండి దానివైపు వాలు ఇస్తే దోనెకు భారం సగమవుతుంది. ఆస్బెస్టాస్ రేకులకు రంధ్రాలు చేయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కొక్కేలను దూలాలకే బిగించండి. దిగువ గొట్టం నీరు గోడ దగ్గరే పడితే పడిన పాటంతా వృథా. దానిని తొట్టిలోకో, దూరంగా ఇంకుడు గుంతలోకో మళ్లించండి.

ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిస్తే, కొంత వృథా పోయినా ఆ చిన్న ఇంటి కప్పు నుండి సుమారు 31,000 లీటర్లు, అంటే రెండువేల బిందెలు వస్తాయి. బోరులెండే మన ఊళ్లలో అది తక్కువ నీరు కాదు. మొదటి వాన నీటిని బయటికి వదిలి, తర్వాతి నీటిని పశువులకు, మొక్కలకు, పాత్రలు తోమడానికి వాడుకోవచ్చు.

జూన్‌లో ఒకసారి, ఈశాన్య వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి ఆకులు, చెత్త తీసివేయండి. పూడిపోయిన దోనె ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. ఈ వారమే టేపు తీసుకొని ఇంటి పొడవు వెడల్పులు చీటీ మీద వ్రాసి ఉంచండి. మేస్త్రీ వచ్చినప్పుడు ఎంత సైజు వేయాలో మీరే చెప్పగలరు.