బండ పగలగొట్టి తీసిన గ్యాస్

1947లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, హ్యూగోటన్ క్షేత్రంలో ఒక బావిలోకి నాపామ్‌తో చిక్కబరిచిన పెట్రోలును బలంగా పంపు చేశారు. లోపలి రాయి పగిలితే గ్యాస్ ఎక్కువ వస్తుందని ఆశ. ఆ బావి నిరాశపరిచింది గానీ పద్ధతి నిలిచింది. రెండేళ్లకే ఓక్లహోమా, టెక్సాస్‌లలో వ్యాపారంగా మారింది. ఫ్రాకింగ్ పుట్టుక అదే. అయితే షేల్ అనే పలకరాయి చాలాకాలం లొంగలేదు. దానిలో గ్యాస్ ఉంటుంది, కదలడానికి దారి ఉండదు. టెక్సాస్‌లోని బార్నెట్ షేల్‌ను జార్జ్ మిచెల్ కంపెనీ 1981 నుంచి పట్టు వదలకుండా తవ్వింది. 1998లో దాని ఇంజనీర్లు ఖరీదైన జిగురు ద్రవం మానేసి దాదాపు ఉత్త నీటినే వాడారు. ఖర్చు పడిపోయింది. ఆపై బావిని లోతులో అడ్డంగా మళ్లించే విద్య తోడయ్యాక షేల్ గ్యాస్ వెల్లువెత్తింది.

ఒక్కో బావికి కోటి లీటర్లకు మించి నీరు పట్టవచ్చు. నీటితోపాటు వెళ్లిన ఇసుక రేణువులు పగుళ్లలో ఇరుక్కుని వాటిని మూసుకోనివ్వవు. ఉత్త నీరు సరిపోని బావుల్లో ఇసుక అడుగుకు దిగిపోకుండా జిగురు కలుపుతారు. ఆ జిగురు మన గోరుచిక్కుడు గింజల పొడి. అమెరికాలో గిరాకీ వల్ల 2012లో రాజస్థాన్ రైతులు పండించే ఈ పంట ధర ఎంత ఎగిసిందంటే, మన దేశంలో దాని ఫ్యూచర్స్ ట్రేడింగ్‌నే ఆపేశారు.

లాభం నిజమైనదే. 2005లో అమెరికా కరెంటులో సగం బొగ్గు నుంచి వచ్చేది, 2020 నాటికి అది అయిదో వంతుకు తగ్గింది. చవక గ్యాస్ అందుకు ప్రధాన కారణం. మండించినప్పుడు గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బొగ్గులో సుమారు సగమే. కానీ ఈ లెక్క మండిన గ్యాస్‌కే వర్తిస్తుంది. మండకుండా గాలిలో కలిసిన మీథేన్ ఇరవై ఏళ్ల వ్యవధిలో కార్బన్ డయాక్సైడ్‌కన్నా ఎనభై రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా గ్యాస్ ఉత్పత్తిలో 2.3 శాతం లీకవుతోందని తేల్చింది. ప్రభుత్వ అంచనాకన్నా అది అరవై శాతం ఎక్కువ. లీకు పెరిగేకొద్దీ బొగ్గు మీద గ్యాస్‌కున్న మేలు కరిగిపోతుంది. అందుకే ఫ్రాకింగ్ మంచిచెడ్డలు తేలేది బండ దగ్గర కాదు, గొట్టం, సిమెంటు, వాల్వుల దగ్గర అని నా వాదన.

పగుళ్లు కిలోమీటర్ల లోతున ఉంటాయి, తాగునీరు పైనే ఉంటుంది, ఇక భయమెందుకని కంపెనీలు అడుగుతాయి. లోతు మాట నిజం. కానీ ప్రతి బావీ ఆ తాగునీటి పొరను చీల్చుకునే కిందికి వెళుతుంది. దాని చుట్టూ పోసిన సిమెంటు సరిగ్గా పట్టకపోతే గ్యాస్‌కు అదే దారి. బావిలోంచి పైకొచ్చే ఉప్పు మురుగునీటిదీ ఇదే కథ. దాన్ని లోతైన బావుల్లోకి తిరిగి దించిన ఓక్లహోమాలో 2016లో 5.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దించే పరిమాణాన్ని అధికారులు తగ్గించాక ప్రకంపనలూ తగ్గాయి, పరిశ్రమ మూతపడలేదు. నియమాలు పెడితే పరిశ్రమ మూతపడుతుందన్న వాదనకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. నిషేధిస్తే బొగ్గు తిరిగొస్తుందన్న అభ్యంతరం 2005లో బలమైనదే. గాలి, సౌర విద్యుత్తు ఇంత చవకైన ఈ రోజుల్లో ఆ బలం చాలా తగ్గింది. పైగా అదే 2005లో అమెరికా చట్టసభ, డీజిల్ వాడకాన్ని మినహాయిస్తే, ఫ్రాకింగ్‌ను తాగునీటి రక్షణ చట్టంలోని భూగర్భ నిబంధనల నుంచి తప్పించింది. ఆ మినహాయింపు రద్దు కావాలి. తవ్వకానికి ముందే ఊరి బావుల నీటిని పరీక్షించాలి, లీకులను కొలిచి బయటపెట్టాలి, పాత బావులను మూసే ఖర్చును కంపెనీ ముందే జమచేయాలి. ఇవన్నీ భరించాక కూడా గ్యాస్ చవగ్గానే ఉంటే, అప్పుడు దాన్ని లాభమని ఒప్పుకుంటాను.