తేలిపోకుండా కట్టిన స్టేషన్

పలాసలోనో, శ్రీకాకుళం రోడ్డులోనో, విజయనగరంలోనో హౌరా–చెన్నై మెయిల్ ఎక్కితే మర్నాటికల్లా చెన్నై సెంట్రల్‌లో దిగుతాం. పనులకు వలసపోయేవాళ్లు, వైద్యానికి వెళ్లేవాళ్లు మూటాముల్లెతో అక్కడి నుంచి మెట్రోకి మెట్లు దిగుతారు. హైదరాబాద్ మెట్రోలో లైను మారే అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ స్టేషన్లు మూడూ స్తంభాల మీదున్నవే. సెంట్రల్‌లో మాత్రం రెండు లైన్లూ నేల కిందే కలుస్తాయి. ఆకుపచ్చ లైను 2018 మే 25న అక్కడిదాకా వచ్చింది. 2019 ఫిబ్రవరి 10న నీలం లైను కూడా తోడయ్యాక అది కూడలి అయింది.

రెండు లైన్లనూ పక్కపక్కనే పెట్టి ఉంటే అంత లోతు తవ్వక్కర్లేదు. కానీ ఊరి నడుమ అంత జాగా ఎక్కడిది? పైగా లైను మారేవాళ్లకు నడక పెరుగుతుంది. అందుకే ఒకదాని కింద ఒకటి పెట్టారు. మనకు నడక తగ్గింది, తవ్వేవాళ్లకు లోతు పెరిగింది. సముద్రం దగ్గరి ఊళ్లో లోతుకు పోతే ఎదురయ్యేది నీరు.

ఖాళీ బిందెను చెరువులోకి నిలువుగా నొక్కి చూడండి. ఎంత నొక్కితే అంతగా ఎదురు తన్నుతుంది. భూగర్భ స్టేషన్ కూడా లోపల గాలి నిండిన పెట్టే. ఆర్కిమెడిస్ సూత్రం దాన్ని వదలదు. పది మీటర్ల నీటి లోతుకు చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల ఒత్తిడి ఉంటుంది. నీటిమట్టం నేలకు దగ్గరగా ఉన్నచోట, 25 మీటర్ల లోతున వేసిన నేలను ప్రతి చదరపు మీటరు దగ్గరా దాదాపు 25 టన్నుల బలం పైకి నెడుతూనే ఉంటుంది. వానాకాలంలో మట్టం పెరిగితే ఆ బలమూ పెరుగుతుంది.

దీన్ని ఆపేది ప్రధానంగా బరువే. మందమైన కాంక్రీటు, పైకప్పు మీద తిరిగి పోసిన మట్టి, చుట్టూ గోడలను పట్టుకున్న నేల రాపిడి, ఇవన్నీ కలిసి స్టేషన్‌ను కిందికి పట్టి ఉంచాలి. చాలకపోతే అడుగునుంచి పైల్స్ (లోతైన కాంక్రీటు స్తంభాలు) దించి నేలకు కట్టేస్తారు.

ఆ గోడలు కట్టే పద్ధతి నాకు మహా ఇష్టం. ముందు సన్నని లోతైన కందకం తవ్వుతూ, మట్టి కూలకుండా అందులో బెంటొనైట్ అనే బంకమట్టి బురద నింపుతారు. ఇనుప చట్రం దించి, గొట్టంతో అడుగు నుంచి కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు బరువైంది కాబట్టి కిందే ఉండి, బురదను పైకి నెట్టేస్తుంది. మనిషి లోపలికి దిగకుండానే గోడ తయారవుతుంది! లోపలి మట్టిని తవ్వడం ఆ తర్వాతే.

లోతు తెచ్చే చిక్కులు ఇంకా ఉన్నాయి. మంటలు రేగితే 4 నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అవ్వాలని, 6 నిమిషాల్లో అందరూ సురక్షిత స్థలం చేరాలని అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం ఒకటుంది. మెట్ల వెడల్పూ, ఎస్కలేటర్ల సంఖ్యా ఆ లెక్కతోనే తేలతాయి. ప్లాట్‌ఫారం అంచున ఉన్న గాజు తలుపులు మనుషులు పట్టాల మీద పడకుండా చూస్తాయి, చల్లని గాలి సొరంగంలోకి పోకుండానూ ఆపుతాయి.

విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు సెంట్రల్‌లో నీలం లైను ఎక్కితే నేరుగా దిగొచ్చు. కోయంబేడులో పని ఉంటే ఆకుపచ్చది ఎక్కాలి. రెండూ ఆలందూరులో మళ్లీ కలుస్తాయి, అక్కడ మాత్రం నేలపైన, స్తంభాల మీద.