గోదాములో నిలిచిన టూ-స్ట్రోకు బండి

ఉస్మాన్‌గంజ్ టోకు వీధులలో గోదాములకు కొదవ లేదు. బస్తాల వెనుక, పాత కాటాల ప్రక్కన, గోనెపట్టా కప్పుకొని నిలిచియున్న మోటారు సైకిలు అచ్చటచ్చట కానవచ్చును. తండ్రి నడిపిన బండి. అమ్ముటకు మనసొప్పదు, నడుపుటకు తీరిక లేదు. ఏండ్లు గడచిన పిమ్మట కుమారుడో మనుమడో దానిని వెలికి తీసి, దుమ్ము తుడిచి, టాంకీలో పెట్రోలు పోసి కిక్కు కొట్టును. పది పదునైదు కిక్కులకు ఇంజను మ్రోగును. ఇంటిల్లిపాది సంతోషింతురు. కాని వీధి మలుపు దాటకమునుపే బండి దగ్గుట ఆరంభించును. యాక్సిలరేటరు త్రిప్పినకొలది ఊపిరాడనట్లు క్రుంగిపోవును. ఒక్కొక్కప్పుడు చేయి వదలినను వేగము తగ్గక తనంత తానే కూతలు పెట్టును. ఈ రోగమునకు మూలమేమి, దానిని ఏ వరుసలో వెదకవలెను అనునది నేటి ప్రసంగ విషయము.

నేనెరిగిన బండి నొకదానిని ఉదాహరణముగా గైకొందును. అది 250 సి.సి. యెజ్డి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో చెకోస్లొవేకియా దేశపు జావా నమూనాపై బండ్లు చేయనారంభించి, తరువాత యెజ్డి అను పేరుతో వానిని అమ్మి, 1996లో మూతపడినది. సిలిండరు ఒక్కటే, సైలెన్సరులు మాత్రము రెండు. గేరు మార్చు లీవరే వెనుకకు త్రిప్పినచో కిక్కు లీవరగును. ఈ చమత్కారమును చూచి నేటి పిల్లలు ముక్కున వేలు వేసికొందురు. నే చెప్పబోవు సంగతులు రాజ్‌దూత్‌కును, యమహా ఆర్‌.ఎక్స్‌.100కును చాలవరకు వర్తించును. సీమదేశములలో బండరాళ్ల మీదను వాగులలోను కాలు నేల మోపకుండ నడుపు ట్రయల్స్ పోటీ బండ్లకును వర్తించును. 1965లో స్కాట్లండు ఆరు దినముల పోటీని సామీ మిల్లర్ గెలిచినది స్పెయిను దేశపు బుల్టాకో మీద. అదియు టూ-స్ట్రోకు బండియే. పోటీకి పోటీకి నడుమ నెలల తరబడి మూలనుండు బండ్లగుటచే, ఈ జబ్బు వానికి పాత చుట్టము.

టూ-స్ట్రోకు ఇంజనులో క్రాంకు తిరుగు పెట్టె కేవలము పెట్టె కాదు, అది ఊపిరితిత్తి. పిస్టను పైకి పోవునప్పుడు కార్బురేటరు నుండి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము ముందుగా ఈ పెట్టెలోనికి వచ్చును. పిస్టను దిగునప్పుడు అదే మిశ్రమము ఒత్తిడికి లోనై సిలిండరులోనికి ఎగబ్రాకును. కావున ఆ పెట్టెకు సూదిమోపు రంధ్రమున్నను బండి ఊపిరి చెడును. నాలుగు స్ట్రోకుల బండ్లతో పనిచేయుటకు అలవాటుపడిన మేస్త్రీలు మరచునది ఈ ఒక్క సంగతియే.

మొదట చూడవలసినది ఇంధనము. పాత పెట్రోలులోని తేలిక భాగములు ఆవిరియై పోగా మిగిలినది జిగురువలె కార్బురేటరు జెట్టులలో గట్టిపడును. మందగతికి పనిచేయు పైలట్ జెట్టు రంధ్రము వెండ్రుకవాసి యుండును గనుక మొదట మూసికొనునది అదియే. తీగతో పొడుచుట తగదు. రంధ్రము పెద్దదైనచో మరల బాగుచేయుట సాధ్యము కాదు. ద్రావకములో నానబెట్టి, గాలి ఊది, వెలుతురునకు అడ్డుపెట్టి చూడవలెను.

ఇంధన విషయమున మన తండ్రుల కాలమున లేని చిక్కొకటి వచ్చినది. 2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో ఇంచుమించు నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట జరిగినది. ఎథనాలు నీటిని పీల్చుకొనును. వానకాలమున టాంకీలో చేరిన తేమ హద్దు మీరినచో, నీరును ఎథనాలును కలిసి పెట్రోలు నుండి విడివడి అడుగునకు దిగును. కొళాయి తీసికొనునది అడుగుననున్న ద్రవమునే గదా! పెట్రోలులో మనము కలిపిన నూనె పై పొరలో నిలిచిపోవును. ఇంజనుకు చేరునది నూనె లేని నీటి సారాయి. ఇట్టి స్థితిలో నడిపిన పిస్టను ఎంతదూరము పోగలదో ఊహింపవచ్చును. కావున పాత ఇంధనమును గాజుసీసాలోనికి వంచి, కొంతసేపు నిలిపి చూడుడు. అడుగున వేరు పొర కనబడినచో దానిని పారవేయుటయే గాక టాంకీని ఆరబెట్టవలెను, తుప్పు కడగవలెను. మెత్తబడిన రబ్బరు గొట్టమును మార్చవలెను.

నిప్పురవ్వ సంగతి త్వరగా తేలును. బాటరీతో మండు బండియైనచో బాటరీ సత్తువ లేనిదే ఎన్ని కిక్కులు కొట్టినను వ్యర్థము. పాయింట్లపై ఏర్పడిన పొరను సన్నని కాగితముతో తుడిచి, ఎడము సుమారు 0.4 మి.మీ. ఉన్నదేమో చూడవలెను. పాయింట్ల నడుమ మిరుమిట్లు గొలుపు మెరుపులు వచ్చుచు ప్లగ్గు వద్ద రవ్వ పసుపుపచ్చగా, నీరసముగా నున్నచో కండెన్సరు చచ్చినదని అనుమానింపవచ్చును. దాని వెల స్వల్పము, మార్చిచూచుటకు వెనుదీయనక్కరలేదు.

ఇంతవరకు ప్రతి మేస్త్రీయు చేయును. మన యెజ్డి విషయమునను చేసిరి. కార్బురేటరు రెండుసార్లు కడిగిరి, ప్లగ్గు మార్చిరి. అయినను చల్లగా నున్నప్పుడు సరిగా నడచి, వేడెక్కగనే చేయి వదలినను వేగము దిగకుండుట మానలేదు. ప్లగ్గు తీసి చూడగా కాల్చిన ఇటుక రంగున ఉండవలసిన కొన సున్నమువలె తెల్లనై యున్నది. ఒక మేస్త్రీ సిలిండరు అరిగినదనియు, బోరు చేయించి క్రొత్త పిస్టను వేయవలెననియు చెప్పెను. యజమాని సందేహించుచు కొన్నాళ్లు అటులనే నడపెను. ఒక సాయంకాలము చిన్నకుమారుని వెనుక కూర్చుండబెట్టుకొని అఫ్జల్‌గంజ్ నుండి నయాపూల్ మీదుగా పోవుచుండ, వంతెన నడుమ పిస్టను సిలిండరులో బిగిసి వెనుక చక్రము కదలక నేలను ఈడ్చుకొనిపోయినది. వెనుక వచ్చుచున్న ఆటో తప్పుకొనుటచే ఇరువురును బ్రతికిరి. ఆయన క్లచ్చి పట్టవలెనని తోచునప్పటికే బండి ఆగిపోయినది. టూ-స్ట్రోకు బండిని బాగుచేసి పరీక్షించునంతకాలము రెండు వ్రేళ్లు క్లచ్చి మీదనే యుంచుకొనవలెను. ఇంజను స్వరము ఒక్కసారిగా బిగిసినట్లు తోచినంతనే క్లచ్చి పట్టినచో చక్రము విడివడును.

దోషము సిలిండరులో లేదు. క్రాంకు దండము పెట్టె నుండి వెలికి వచ్చుచోట ఇరుప్రక్కల రబ్బరు ఆయిల్ సీళ్లుండును. బండి నడుచునంతకాలము అవి నూనెతో తడిసి మెత్తగా నుండును. ఏండ్లు నిలిచినచో ఎండి, పెళుసై, దండమును పట్టుకొన్న పెదవి గట్టిపడును. చల్లగా నున్నప్పుడు ఎట్లో ఆనుకొని, వేడెక్కినచో విడిచిపెట్టును. అప్పుడు కార్బురేటరుతో ప్రమేయము లేని దొంగగాలి లోనికి చొరబడును. గాలి హెచ్చిన మిశ్రమము మిక్కిలి వేడిగా మండును. దానితో చేరు నూనెయు తగ్గును. తెల్లని ప్లగ్గు, దిగని వేగము, బిగిసిన పిస్టను అను మూడింటికిని తల్లి ఒక్కతియే.

ఈ బండిలో ఏ ప్రక్క సీలు చెడినదో లక్షణమును బట్టి చెప్పవచ్చును. ఎడమప్రక్క గేరునూనెలో మునిగిన గొలుసు కలదు. ఆ ప్రక్క సీలు పోయినచో ఇంజను గాలికి బదులు గేరునూనెను త్రాగును. సైలెన్సరుల నుండి దట్టమైన పొగ విడువదు, ప్లగ్గు నల్లగా తడిసిపోవును, గేరుపెట్టెలో నూనె నానాటికి తరుగును. కుడిప్రక్క డైనమో యున్నది, అది పొడిచోటు. ఆ ప్రక్క సీలు పోయినచో వచ్చునది గాలి. పై బండిలో డైనమో విప్పగా, పొడిగా నుండవలసిన గోడపై నూనె చెమ్మ పేరుకొని యున్నది. ఆ చెమ్మను మొదటి దినముననే చూచియుండినచో నయాపూల్ మీది గండము తప్పెడిదే.

అనుమానము తీరవలెనన్న పరీక్ష యొకటి కలదు. కార్బురేటరు నోటిని, సైలెన్సరు గొట్టపు నోటిని రబ్బరు బిరడాలతో మూసి, చేతిపంపుతో చదరపు అంగుళమునకు 6 పౌనుల ఒత్తిడి మాత్రమే ఎక్కించి, సబ్బునీరు పూయవలెను. బుడగలు లేచినచోటు దొంగచోటు. 6 పౌనులు మించినచో మంచి సీలు సైతము ఊడివచ్చును గనుక చక్రములకు గాలి కొట్టు యంత్రమును దీనికి వాడరాదు. ఒత్తిడి కొన్ని నిమిషములు చెక్కుచెదరక నిలిచినచో దోషమును వేరొకచోట వెదకవలెను. పంపు దొరకనివారు చోకు వేసి చూడవచ్చును. చోకు వేసినప్పుడు బండి మెరుగుపడినచో మిశ్రమములో గాలి హెచ్చినదని తెలియును. కార్బురేటరు మెడ వద్ద బిగింపు వదులైనను ఇట్లే యగును గనుక సీళ్ల జోలికి పోవుటకు ముందు ఆ మరలు బిగించి చూడుడు.

ఇవన్నియు సరిగానున్నను బండి పైవేగము అందుకొనకున్నచో సైలెన్సరును చూడవలెను. నూనె మసి పేరుకొని దారి ఇరుకై యుండును. గోదాము బండ్లలో కందిరీగలు మట్టిగూడు కట్టుటయు, చుంచెలుకలు గోనెపీచు కుక్కుటయు కద్దు. దీనికి శాస్త్రము అక్కరలేదు, పొడుగాటి తీగ చాలును.

పై యెజ్డికి రెండు సీళ్లును మార్చిరి. ఒకటి చెడినచోట రెండవది బాగుండునని నమ్మరాదు. సిలిండరును కొలువగా అరుగుదల హద్దులోనే యున్నది; పిస్టను మీది గీతలను నునుపుచేసి, రింగులు మాత్రము క్రొత్తవి వేసిరి. బోరు చేయించు ఖర్చు తప్పినది. ఆ యజమాని ఇప్పుడు నెలకొకసారియైనను దానిని వేడెక్కునంతవరకు నడపుచున్నాడు. వానకాలమునకు ముందు కొళాయి కట్టివేసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయి ఇంజను తనంత తానాగువరకు మ్రోగనిచ్చుచున్నాడు. సైలెన్సరుల నోళ్లకు నూనెగుడ్డలు కుక్కుచున్నాడు. ఆ గుడ్డలు తీయుట మరచి కిక్కు కొట్టి, కొడుకు నవ్వగా మరల దిగివచ్చి తీసిన దినములును లేకపోలేదు.