చెరిపి రాస్తే తెలిసేది

2009లో అమెరికాలో ‘కోడ్ రిట్రీట్’ అనే ఆనవాయితీ మొదలైంది. ప్రోగ్రామర్లు రోజంతా ఒకే లెక్క పట్టుకుని కూర్చుంటారు. జంటగా 45 నిమిషాలు రాస్తారు. గంట కొట్టగానే రాసిందంతా డిలీట్. జంట మార్చుకుని మళ్లీ మొదటి నుంచి.

ఆ లెక్క 1970లో వెలుగు చూసిన, గణితవేత్త జాన్ కాన్వే కల్పించిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’. గళ్ల కాగితం మీద ప్రతి గడి చుట్టూ ఎనిమిది గళ్లు. బతికున్న గడికి రెండో మూడో బతికున్న పొరుగు గళ్లుంటే అది నిలుస్తుంది, లేదంటే పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అందులో ప్రాణం పుడుతుంది.

నేను ఇంట్లో కూర్చుని ప్రయత్నించాను. మొదటిసారి అందరిలాగే అడ్డం నిలువు గళ్ల పట్టిక (అర్రే) పెట్టాను. సమయమంతా అంచులే తినేశాయి: మూలనున్న గడికి పొరుగు మూడే కదా! రెండోసారీ అదే గోల. మూడోసారి చెయ్యి దానంతటదే టైపు చేస్తుంటే తట్టింది, ఖాళీ గళ్లను మోయడం దేనికని. బతికున్నవాటి చిరునామాలు చాలు. ఒక్కోటీ తన ఎనిమిది పొరుగు గళ్లకూ తలా ఒక ఓటు వేస్తుంది. మూడు ఓట్లు పడ్డ గడి బతుకుతుంది. రెండు పడితే, అంతకుముందు బతికున్నదైతేనే. అంచుల బెడదే లేదు.

ఇందులో మాయేం లేదు. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది కొద్దే. 1981లో కొందరు మనస్తత్వ పరిశోధకులు అల్గాల్ భాషలో రాసిన ప్రోగ్రామును చూపించి, గుర్తున్నంత రాయమన్నారు. ఆరితేరినవాళ్లు కొత్తవాళ్లను మించిపోయారు. అవే వరసలను కలగాపులగం చేసి చూపిస్తే ఆ పైచేయి కాస్తా పోయింది. వాళ్ల జ్ఞాపకశక్తి గొప్పదని కాదు. పది వరసలు వాళ్లకు ఒకే ముద్దగా కనిపిస్తాయి. అలా మిగిలిన చోటే కొత్త ఆలోచనకు జాగా.

అయితే ఇంటర్వ్యూల కోసం జవాబులు బట్టీపట్టడం ఈ కోవలోకి రాదు. అక్కడ ముద్ద తయారవుతుంది గానీ దాన్ని ఎవరూ విప్పి చూడరు. విప్పి చూడాలంటే అదే పనిని వేరేలా చేయాలి. సంగీతం నేర్పేవాళ్లు సరళీ వరుసల్ని మూడు కాలాల్లో పాడిస్తారు. స్వరాలు అవే, నడక వేరు. కోడ్ రిట్రీట్‌లోనూ అలాగే ఒక్కోసారి ఒక్కో ఆంక్ష పెడతారు: మాట్లాడకూడదు, లూపు వాడకూడదు, షరతు పెట్టే ‘ఇఫ్’ రాయకూడదు.

నాలుగోసారి నేను ఆ చివరిది పెట్టుకున్నాను. ‘ఇఫ్’ లేకుండా చావుబతుకులు తేల్చడమెలా? కాసేపు తల గోక్కున్నాక నియమాలన్నీ ఒక పట్టికలో సర్దాను. ఖాళీ గడికో వరస, బతికున్నదానికో వరస. పొరుగు సంఖ్య సున్నా నుంచి ఎనిమిది దాకా తొమ్మిది నిలువు వరసలు. మొత్తం 18 గళ్లలో ‘అవును’ అని రాయాల్సినవి మూడంటే మూడే.