పల్లపు నేలలో పురనిర్మాణము

ఇల్లు కట్టుకొనువాడు తన స్థలపు హద్దులను చూచుకొనును. వాననీటికి మాత్రము హద్దురాళ్లతో పని లేదు. ఒకరి ముంగిట పడిన చినుకు పొరుగువారి గోడప్రక్కగా వీధికాలువ చేరి, అచ్చటినుండి మురుగుకాలువలో కలిసి, తుదకు సముద్రమునకు పోవలసినదే. ఆ నీటికి దారి చూపు బాధ్యత పురపాలక సంఘపు ఇంజనీరింగు విభాగముది. రోడ్లు, కాలువలు, మంచినీరు, వీధిదీపములు ఈ విభాగపు పనులు. ఇండ్ల ప్లానులను పరిశీలించుట పట్టణ ప్రణాళికా విభాగపు పని. రెండును చేయి కలిపిననాడే గృహస్థునకును, నిర్మాతకును మేలు జరుగును.

ఈ సంగతి తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో తెలిసినంతగా మెట్టసీమలలో తెలియదు. 1855లో బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమ కాలువల సీమయైనది. 1909లో పురపాలక సంఘమైన తెనాలి నడుమ మూడు కాలువలు పారుచున్నవి. ‘ఆంధ్రా ప్యారిస్’ అను ముద్దుపేరుకు అవియే కారణమందురు. రేపల్లె కృష్ణానది తుది మజిలీకి చేరువ. బాపట్లకు సూర్యలంక సముద్రతీరము పది కిలోమీటర్ల లోపే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు తెనాలి గుంటూరులోనే నిలిచి, తక్కిన రెండును బాపట్ల జిల్లాలో చేరినవి. జిల్లాలు వేరైనను నేల తీరు ఒక్కటే: వాలు బహు స్వల్పము.

డెల్టాలో నీటికి రెండు దారులు. సాగునీటి కాలువ మెరకమీద నడచును. మురుగుకాలువ పల్లములో నడచును. ఒకటి నీటిని తెచ్చును, మరియొకటి కొనిపోవును. ఊరి మురుగును సాగుకాలువలోనికి వదలుట దిగువ గ్రామములవారి త్రాగునీటిని చెరచుటయే. మురుగుకాలువలో చెత్త నింపుటయో, దానిపై అరుగు కట్టుటయో, నీటికి మిగిలిన ఒక్క దారిని మూసివేయుట. వాలు గల ఊరిలో ఈ తప్పు కొంత కప్పడిపోవును. ఇచ్చట ఒక్క జానెడు అడ్డము వీధి వీధినంతటిని ముంచివేయును.

ఇంతకంటె నెమ్మదిగా జరుగు అన్యాయము మరియొకటి కలదు. పాతరోడ్డును చెక్కివేయక దానిమీదనే క్రొత్తపొర వేసినచో వీధి కొంత పైకి లేచును. క్రొత్తగా కట్టువాడు దానిని చూచి తన పునాదిని ఇంకను ఎత్తు చేసికొనును. నడుమ చిక్కిన పాతయింటి గడప వీధికంటె దిగువై, వాన కురిసిన ప్రతిసారి నీరు వంటయింటిలోనికి వచ్చును. ఆ యింటివారు ఏ తప్పును చేయలేదు; ఊరు వారిచుట్టును ఎదిగినది, అంతే. కనుక ఇంజనీరు చేయగల సేవలలో మొదటిది వీధి మట్టమును, కాలువ అడుగు మట్టమును నిర్ణయించి, వానిని కాపాడుట. నిర్మాతకు ముందుగా ఆ మట్టము తెలిసినచో పొరుగువానితో తగవు ఉండదు.

పునాదిచుట్టును ఖాళీస్థలము ఏల విడువవలెనని పలువురు విసుగుకొందురు. ఆంధ్రప్రదేశ్‌లో 2017నాటి భవన నిర్మాణ నియమములు ఆ ఖాళీని కోరుటకు కారణములు లేకపోలేదు. గాలి, వెలుతురు ఆ దారినే వచ్చును. నిప్పంటుకొన్ననాడు మనుష్యులు ఆ దారినే బయటపడుదురు. వాననీరు అచ్చటనే ఇంకును. కట్టడము ముగిసిన పిమ్మట ఇచ్చు నివాసయోగ్యతా పత్రము, కాగితముమీది ప్లాను నేలమీద నిజమైనదా అని చూచుటకే. 2019 అక్టోబరులో ఆరంభమైన వార్డు సచివాలయములలో వసతుల కార్యదర్శి, ప్రణాళికా కార్యదర్శి వేరువేరుగా నియమింపబడిరి. సామాన్యుడు ముందుగా అడుగవలసినది వీరినే.

నేలనుబట్టియు నియమము మారవలెను. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనును. పునాది తగినంత లోతునకు పోనిచో గోడలు నెరెలు విచ్చును. బాపట్ల తీరపు ఇసుకలో ఉప్పునీటిపై మంచినీరు పలుచని పొరగా తేలుచుండును. దానిని కలతపెట్టక పైపైన తోడుకొనుటకు మన రైతులు దొరువులు త్రవ్వుకొనిరి. అట్టి ఇసుకలో మరుగుదొడ్డి గుంటను బావిప్రక్కనే త్రవ్వుట తెలిసి విషము కలుపుకొనుటయే.

1908 సెప్టెంబరులో మూసీనది వరదకు హైదరాబాదు నగరము అతలాకుతలమైనప్పుడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించినది. ఆయన వరదను అరికట్టు జలాశయములతోపాటు నగరపు మురుగునీటి పారుదలకును ప్రణాళిక వేసెను. అంత విపత్తు వచ్చినగాని మేలుకొనలేదను చింత ఆ కథలో కలదు. మనకును హెచ్చరికలు తక్కువ కావు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన కృష్ణా ముఖద్వార ప్రాంతమున వేలకొలది ప్రాణములను బలిగొన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువనే తీరము దాటినది. సముద్రము పొంగిననాడు మురుగుకాలువ నీరు బయటకు పోలేక వెనుకకు తన్నును. ఆనాడు ఊరిలో ఖాళీనేల, పూడిక తీసిన కాలువ ఉన్నవా లేవా అనునదే ప్రశ్న.

ఈ పాఠము బడిలోనే చెప్పవచ్చును. తాపీమేస్త్రీ నీరు నింపిన గాజువంటి గొట్టముతో రెండు గోడల మట్టము సరిచూచును. రెండు కొసలలోను నీరు ఒకే ఎత్తున నిలుచును. ఉపాధ్యాయులు ఆ గొట్టమునే పట్టించి బడి గడప ఎత్తును, వీధి ఎత్తును, కాలువ అంచు ఎత్తును పిల్లలచేత కొలిపించవచ్చును. మూడంకెలు పలకమీద వ్రాసిన విద్యార్థికి తన వీధి నీరు ఎటు పోవునో తెలియును. అది తెలిసిన పిల్లవాడు రేపు ఇల్లు కట్టినను, ఇంజనీరైనను, పొరుగువాని గడపను ముంచడు.